గాయం మానినా నొప్పి మానదెందుకు? వెన్నుపాము చెబుతున్న సమాధానం

పాదాలకు దుప్పటి తగిలితే మంట. చల్లని గచ్చు మీద కాలు పెడితే సూదులు గుచ్చినట్టు బాధ. ఏమీ తగలకపోయినా అర్ధరాత్రి కరెంటు షాకు కొట్టినట్టు లేపి కూర్చోబెట్టే పోటు. ఇలాంటి బాధతో ఆసుపత్రికి వెళ్ళినవారికి ఎక్స్‌రే తీస్తారు, రక్తపరీక్షలు చేస్తారు, కొందరికి ఎమ్మారై కూడా తీస్తారు. చాలాసార్లు ఆ నొప్పికి తగినంత కారణం వాటిలో కనిపించదు. ‘రిపోర్టులన్నీ నార్మల్‌గానే ఉన్నాయి, మీరే ఎక్కువగా ఆలోచిస్తున్నారు’ అన్న మాట విని రోగి ఇంటికి తిరిగొస్తారు. ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళు ఓపిక పడతారు. ఆ తర్వాత వాళ్ళూ అదే మాట అంటారు.

ఆ మాట రోగి మనసును నొప్పించడమే కాదు, శాస్త్రపరంగానూ తప్పు. నరం దెబ్బతిన్న తర్వాత వెన్నుపాములోని కణాల తీరే మారిపోతుందని, ఆసుపత్రుల్లో మామూలుగా చేసే పరీక్షలకు ఆ మార్పు చిక్కదని 40 ఏళ్ళకు పైగా సాగుతున్న పరిశోధన చెబుతోంది. అందువల్ల దీర్ఘకాలిక నరాల నొప్పిని మరో వ్యాధి లక్షణంగా మాత్రమే చూడటం మానుకోవాలి. దాన్నే ఒక వ్యాధిగా గుర్తించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే పట్టుకుని చికిత్స మొదలుపెట్టాలి.

హెచ్చరిక వేరు, వ్యాధి వేరు

నొప్పి శరీరానికి శత్రువేమీ కాదు. ఉత్తర పాకిస్తాన్‌కు చెందిన 3 కుటుంబాల్లో పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లలపై జరిగిన పరిశోధన 2006లో వెలువడింది. నొప్పి సంకేతాన్ని మోసే నరకణాల్లో నావ్ 1.7 అనే సోడియం ద్వారాన్ని తయారుచేసే జన్యువు వారిలో పనిచేయడం లేదని తేలింది. ఆ పిల్లల పెదవులకు, నాలుకలకు వాళ్ళు తెలియక కొరుక్కున్న గాయాలున్నాయి. వీధుల్లో నిప్పులపై నడిచి, చేతుల్లో కత్తులు గుచ్చుకుని ప్రదర్శనలిచ్చిన ఒక బాలుడు ఇంటికప్పు మీద నుంచి దూకి, 14 ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. నొప్పి లేని బతుకు ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నరాల నొప్పి దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇక్కడ తప్పించుకోవలసిన ప్రమాదమేదీ లేదు. అయినా హెచ్చరిక ఆగదు. స్పర్శను, నొప్పిని మోసే నాడీవ్యవస్థకే దెబ్బ తగలడం వల్లనో, జబ్బు చేయడం వల్లనో వచ్చే నొప్పిని నరాల నొప్పి అంటారు. జనాభాలో 7 నుంచి 10 శాతం మందికి ఇది ఉంటుందని అంతర్జాతీయ సర్వేల అంచనా.

మన దేశంలో ఈ సమస్యకు దారులు చాలా ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మధుమేహం ఉన్నవారిలో దాదాపు సగం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు నరాలు దెబ్బతింటాయి. వారిలో కొందరికి స్పర్శ తగ్గి ఊరుకుంటుంది, మరికొందరికి మంటలు, పోట్లు మొదలవుతాయి. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. కుష్ఠు అంటే స్పర్శ పోవడమే అనుకుంటాం. కానీ ముంబైలో చికిత్స పూర్తయిన 101 మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 22 మందికి నరాల నొప్పి ఉన్నట్టు తేలింది. క్రిమి చనిపోయింది, మందుల కోర్సు ముగిసింది, నొప్పి మాత్రం మిగిలింది. అక్కి తగ్గాక మిగిలే మంట, కొన్ని క్యాన్సర్ మందుల వల్ల వచ్చే తిమ్మిర్లు, ప్రమాదాల్లో తెగిన నరాలు కూడా ఈ కోవలోకే వస్తాయి.

వెన్నుపాములో ఒక తలుపు

గుమ్మానికి కాలివేలు కొట్టుకుంటే ఎవరూ చెప్పకుండానే చెయ్యి అక్కడికి వెళ్ళి రుద్దుతుంది. రుద్దితే కాస్త ఉపశమనం కలుగుతుంది. ఎందుకు? రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో దీనికొక వివరణ ఇచ్చారు. వెన్నుపాము వెనుకవైపున డోర్సల్ హార్న్ అనే బూడిదరంగు భాగం ఉంది. చర్మం నుంచి వచ్చే కబుర్లన్నీ మొదట చేరేది అక్కడికే. వచ్చిన కబురు వచ్చినట్టు మెదడుకు పోదు. అక్కడ ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉందని, స్పర్శను మోసే మందమైన నరాలు ఆ తలుపును మూయడానికి, నొప్పిని మోసే సన్నని నరాలు దాన్ని తెరవడానికి చూస్తాయని వారు ప్రతిపాదించారు. మెదడు కూడా పైనుంచి ఆ తలుపును అదుపు చేస్తుంది. వివరాల్లో చాలా సవరణలు జరిగినా అసలు ఆలోచన నిలబడింది.

తలుపు మూసే పని కొన్ని ప్రత్యేకమైన నరకణాలది. అవి గాబా, గ్లైసిన్ అనే రసాయనాలను విడుదల చేసి పక్క కణాలను శాంతింపజేస్తాయి. నరాల నొప్పిలో చెడేది ప్రధానంగా ఈ తలుపే. అది చెడే తీరులో మూడు మార్పులను శాస్త్రవేత్తలు స్పష్టంగా గుర్తించారు.

మొదటిది, శబ్దం పెరగడం. సన్నని నరాల నుంచి ఒకే సంకేతం పదేపదే వస్తుంటే వెన్నుపాము కణాలు ప్రతిసారీ మరింత గట్టిగా స్పందిస్తాయని లోర్న్ మెండెల్ 1966లో చూపించారు. గాయం తర్వాత నొప్పి తీవ్రత పెరగడానికి కారణం గాయమైన చోటే కాదు, వెన్నుపాములోనూ ఉందని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో నిరూపించారు. మామూలు పరిస్థితుల్లో ఈ కణాల మీది ఎన్‌ఎండిఏ గ్రాహకాలకు మెగ్నీషియం అయాన్ బిరడాలా అడ్డుపడి ఉంటుంది. సంకేతాల తాకిడి ఆగకుండా వస్తే ఆ బిరడా ఊడిపోతుంది. కాల్షియం లోపలికి దూసుకొచ్చి కణం స్వభావాన్నే మారుస్తుంది. ఆ తర్వాత చిన్న సంకేతం కూడా దానికి పెద్దగానే వినిపిస్తుంది.

రెండోది, కాపలా కణాలు మేలుకోవడం. వెన్నుపాములో నరకణాలతో పాటు మైక్రోగ్లియా అనే రక్షక కణాలుంటాయి. చాలాకాలం వాటిని పారిశుధ్య సిబ్బందిగానే చూశారు. 2003లో జపాన్, కెనడా పరిశోధకులు ఎలుకల్లో నరాన్ని గాయపరిస్తే ఈ కణాలు ఉత్తేజితమై, వాటిపై పి2ఎక్స్4 అనే గ్రాహకాలు పెరుగుతున్నట్టు గుర్తించారు. ఆ గ్రాహకాన్ని అడ్డుకుంటే తేలికపాటి స్పర్శకు నొప్పి కలగడం తగ్గింది. అలా ఉత్తేజితమైన మైక్రోగ్లియాను ఆరోగ్యంగా ఉన్న ఎలుకల వెన్నుపాము వద్ద ప్రవేశపెడితే, నరానికి ఏ గాయమూ లేకుండానే ఆ నొప్పి మొదలైంది.

ఈ గ్రాహకాన్ని తెరిచే అణువు ఏటీపీ. ప్రతి కణానికీ శక్తినిచ్చే ఈ పదార్థాన్ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. ఏటీపీ శక్తి వనరు మాత్రమే కాదని, కణాల మధ్య సందేశం మోసే దూత కూడా అని జెఫ్రీ బర్న్‌స్టాక్ 1972లో ప్రతిపాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. దేహంలో ఇంధనంగా పనిచేసే అణువే వెన్నుపాములో నొప్పికి నిప్పు రాజేస్తుందని ఇప్పుడు తెలుస్తోంది.

మూడోది, బ్రేకు తిరగబడటం. ఇది అన్నిటికంటే ఆశ్చర్యకరమైనది. నరకణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపలివైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ విద్యుత్ పీడనంలో ఉంటుంది. గాబా వచ్చి తలుపు తడితే క్లోరైడ్ అయాన్లు లోపలికి వస్తాయి. వాటికి రుణావేశం ఉంటుంది కాబట్టి కణం శాంతిస్తుంది. అయితే ఇలా జరగాలంటే కణం లోపల క్లోరైడ్ తక్కువగా ఉండాలి. దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడే పంపు పేరు కేసీసీ2. నరం దెబ్బతిన్న ఎలుకల వెన్నుపాములో ఈ పంపు తగ్గిపోతున్నట్టు ఈవ్ డి కొనింక్ బృందం 2003లో చూపించింది. తోడేవారు లేక క్లోరైడ్ లోపలే పేరుకుంటుంది. అప్పుడు గాబా వచ్చి తలుపు తెరిచినా లోపలికి వచ్చే క్లోరైడ్ ఉండదు. కొన్నిసార్లు ఉన్నదే బయటికి పోతుంది. శాంతపరచాల్సిన సంకేతం రెచ్చగొట్టే సంకేతంగా మారుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే. దుప్పటి అంచు తగిలినా పాదం మండిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడుంది. స్పర్శగా పోవలసిన కబురు, తలుపు మూయలేని స్థితిలో నొప్పి దారిలోకి జొరబడుతుంది.

ఆ పంపును తగ్గిస్తున్నదెవరు? ఏటీపీతో ఉత్తేజితమైన మైక్రోగ్లియా బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేసి ఈ పని చేస్తున్నాయని 2005లో తేలింది. అలా రెండో మార్పుకూ మూడో మార్పుకూ ముడి పడింది.

మగ ఎలుకల శాస్త్రం

కథ ఇక్కడితో ముగిస్తే చక్కగా ఉండేది. కానీ ఈ పరిశోధనల్లో అధికభాగం మగ ఎలుకల మీదే జరిగింది. నొప్పి పరిశోధనకు ప్రధానమైన ‘పెయిన్’ పత్రికలో 10 ఏళ్ళపాటు వచ్చిన జంతు అధ్యయనాలను 2005లో పరిశీలిస్తే, వాటిలో 79 శాతం మగ జంతువులతో మాత్రమే చేసినవని తేలింది. ఆడ జంతువుల్లో హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల ఫలితాలు గందరగోళమవుతాయన్నది సాకు. 2015లో రాబర్ట్ సోర్జ్, జెఫ్రీ మోగిల్ తదితరులు ఆడ చుంచులపై అదే ప్రయోగం చేశారు. మైక్రోగ్లియాను అడ్డుకుంటే మగ చుంచుల్లో నొప్పి తగ్గింది, ఆడవాటిలో తగ్గలేదు. ఆడ చుంచుల్లో అదే నొప్పి టి కణాలనే వేరే రక్షక కణాల దారిలో వస్తున్నట్టు కనిపించింది. అవయవదాతల నుంచి సేకరించిన మనిషి వెన్నుపాము కణజాలంలోనూ బీడీఎన్ఎఫ్ ప్రభావం పురుషుల్లో కనిపించినట్టు స్త్రీలలో కనిపించలేదని 2022లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది.

దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారిలో స్త్రీలే ఎక్కువ. ‘అంతా మనసులోనే ఉంది’ అన్న మాట ఎక్కువగా వినవలసివచ్చేదీ వారే. ఎక్కువమంది రోగులు ఒక వైపుంటే ప్రయోగాలు మరోవైపు జరిగాయన్నమాట. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2016 నుంచి తమ నిధులతో జరిగే జంతు పరిశోధనల్లో ఆడ, మగ రెండింటినీ పరిగణనలోకి తీసుకోవాలని కోరుతున్నాయి. మన దేశంలో ప్రజాధనంతో సాగే నొప్పి పరిశోధనకూ ఈ షరతు తప్పనిసరి కావాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు, పట్టుదల ఉంటే చాలు.

ఎలుకకు తగ్గింది, మనిషికి?

ఈ రంగంలో ఇంకో పాఠం ఉంది. సబ్‌స్టెన్స్ పి అనే నొప్పి రసాయనాన్ని అడ్డుకునే మందులు జంతువుల్లో బాగా పనిచేసి, మనుషుల్లో నొప్పి తగ్గించడంలో విఫలమయ్యాయి. మైక్రోగ్లియా వంటి కణాలను శాంతపరిచే ప్రొపెంటోఫిలిన్ ఎలుకల్లో ఆశ రేపింది. అక్కి తర్వాత వచ్చే నొప్పితో ఉన్న రోగులకు ఇస్తే ప్రయోజనం కనిపించలేదని 2013లో తేలింది. పైగా మైక్రోగ్లియా అన్నీ దోషులేం కావు. వాటిలో ఒక వర్గం నొప్పి తగ్గి కోలుకోవడానికి తోడ్పడుతుందని, ఆ వర్గాన్ని తొలగిస్తే తగ్గిన నొప్పి చుంచుల్లో తిరగబెడుతుందని 2022లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. కాపలాదారులందరినీ ఇంటికి పంపేస్తే సమస్య తీరదు.

2025 జనవరిలో అమెరికాలో అనుమతి పొందిన సుజెట్రిజిన్ కొత్త తరహా మందే. అయితే ఆ అనుమతి శస్త్రచికిత్స తర్వాత వచ్చేలాంటి తాత్కాలిక నొప్పికే తప్ప దీర్ఘకాలిక నరాల నొప్పికి కాదు. ‘నొప్పికి శాశ్వత విముక్తి’ అన్న శీర్షిక కనబడినప్పుడు పాఠకులు అడగవలసిన ప్రశ్నలు రెండు. ఎలుకలోనా, మనిషిలోనా? ఏ రకం నొప్పికి?

తెలిసినదాన్ని వాడుకోవడమే తక్షణ కర్తవ్యం

కొత్త మందు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఇప్పటికే తెలిసిన విషయాలు రోగి దాకా చేరకపోవడమే ఎక్కువ నష్టం చేస్తోంది. నరాల నొప్పితో వచ్చిన వ్యక్తికి డైక్లోఫినాక్ మాత్రో, ఇంజెక్షనో ఇచ్చి పంపడం మన ఊళ్ళలో మామూలే. వాపు వల్ల వచ్చే నొప్పికి అది పనికొస్తుంది. నరాల నొప్పికి పనిచేస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు. నెలల తరబడి వాడితే మూత్రపిండాలకు, కడుపుకు ముప్పు. మధుమేహం ఉన్నవారికి ఆ ముప్పు మరింత ఎక్కువ.

నరాల నొప్పికి ముందుగా వాడదగినవిగా అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేవి అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబలిన్. చివరి రెండూ వెన్నుపాములో నరాల కొసల వద్ద కాల్షియం ద్వారాలపై పనిచేస్తాయి. మొదటి రెండూ మెదడు నుంచి కిందికి దిగే నిరోధక దారిని బలపరుస్తాయి. ఇవి డిప్రెషన్‌కు వాడే మందులని ఎవరో చెప్పగానే ‘నాకు పిచ్చి అనుకున్నారా?’ అని చాలామంది మానేస్తారు. నొప్పికి వీటిని ఎందుకు ఇస్తున్నారో, వెన్నుపాములో అవి ఏం చేస్తాయో వైద్యులు రెండు నిమిషాలు చెబితే ఆ మాత్ర చెత్తబుట్టలో పడదు. కణాల శాస్త్రం రోగికి నేరుగా ఉపయోగపడే చోటు ఇదే.

ఈ మందులకు పరిమితులూ ఉన్నాయి. 2015లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం ఒక రోగికి నొప్పి సగానికి తగ్గాలంటే ప్రీగాబలిన్‌ను సగటున 7.7 మందికి, డులోక్సెటిన్ తరహా మందులను 6.4 మందికి, అమిట్రిప్టిలిన్ తరహా మందులను 3.6 మందికి ఇవ్వాలి. అంటే మొదటి మందుతో తగ్గకపోవడం రోగి తప్పు కాదు. మందు మార్చి చూడాలి, వ్యాయామం, నిద్ర, మానసిక తోడ్పాటు జతచేయాలి.

దీర్ఘకాలిక నొప్పిని వ్యాధిగా గుర్తిస్తే మందుల వాడకం విచ్చలవిడి అవుతుందన్న అభ్యంతరం ఉంది. అమెరికాలో ఓపియాయిడ్ల వల్ల జరిగిన అనర్థం చూశాక ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. ప్రీగాబలిన్ కూడా దుర్వినియోగమవుతోంది. కానీ నరాల నొప్పికి ఓపియాయిడ్లు మొదటి వరుస మందులు కావు. గుర్తింపు లేనప్పుడే రోగి దుకాణం నుంచి దుకాణానికి తిరిగి దొరికిందల్లా మింగుతారు. పేరు పెట్టి, లెక్కరాసి, క్రమంగా చూస్తేనే అదుపు సాధ్యం. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 3 నెలలకు మించి సాగే నొప్పికి సొంత కోడ్ ఉంది. మన ఆసుపత్రుల రికార్డుల్లోకి, బీమా పథకాల్లోకి అది రావాలి.

వెన్నుపాములో మార్పును చూపించే పరీక్ష క్లినిక్‌లలో ఇంకా లేదు. రోగి మాటే ప్రధాన సాక్ష్యం. ఆ మాటను క్రమపద్ధతిలో వినడానికి డీఎన్4 వంటి ప్రశ్నావళులున్నాయి. అందులో 10 అంశాలుంటాయి. 7 రోగిని అడిగేవి, 3 చర్మంపై చిన్న పరీక్షతో తేలేవి. 4 లేదా అంతకంటే ఎక్కువ వస్తే నరాల నొప్పిగా అనుమానించాలి. ఇందుకు యంత్రాలు అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొద్ది నిమిషాల్లో చేయగలరు. మధుమేహ పరీక్షకు వచ్చే ప్రతి ఒక్కరినీ చక్కెర ఎంతుందో చూడటంతో పాటు పాదాల గురించి కూడా అడగాలి.

అన్నిటికంటే ముఖ్యం నివారణ. వెన్నుపాము ఒకసారి కొత్త అలవాటు నేర్చుకుంటే మరిపించడం కష్టం. అందుకే అలవాటు పడకముందే అడ్డుకోవాలి. చక్కెరను మొదటి నుంచీ అదుపులో పెట్టుకోవాలి. అక్కి లేచినప్పుడు ఎర్రమట్టి పూయించుకుని ఊరుకోకుండా, 72 గంటల్లోగా వైద్యుణ్ణి కలిసి వైరస్ మందు మొదలుపెట్టాలి. 50 ఏళ్ళు దాటినవారికి అక్కి టీకా కూడా మన దేశంలో దొరుకుతోంది. కుష్ఠును మచ్చ దశలోనే పట్టుకోవాలి. క్షయకు ఐసోనియాజిడ్ వాడేవారిలో ముప్పు ఉన్నవారికి నరాలు దెబ్బతినకుండా బి6 విటమిన్ ఇవ్వడం మరవకూడదు.

నొప్పి గురించి ఒక వ్యక్తి చెప్పినదాన్ని గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన తన నిర్వచనానికి జతచేసిన వివరణలో పేర్కొంది. అది దయతో చెప్పిన మాట మాత్రమే కాదు. క్లోరైడ్ పంపు, మైక్రోగ్లియా, ఊడిపోయిన మెగ్నీషియం బిరడా ఆ మాటకు సాక్ష్యం పలుకుతున్నాయి. రిపోర్టులో నొప్పి కనబడకపోతే లోపం పరీక్షది, రోగిది కాదు. వైద్యవిద్యలోనూ, ప్రతి ఇంట్లోనూ ముందు నాటుకోవలసింది ఈ ఒక్క విషయం.